పిందె చీపులు కట్టిన తోట

ఎందుకు రాస్తున్నాను

పోయిన నెల కనియంబాడి వైపు నుంచి నాకొక ఫోన్ వచ్చింది. మాట్లాడిన అమ్మాయి పేరు శరణ్య. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. గ్రామాధికారి, మా తమిళనాడు లెక్కలో వీఏఓ. గుడియాత్తం తాలూకాలో నేను చేసి దిగిపోయిన ఉద్యోగమే. వాళ్ళ నాన్న నాకు తెలిసినవాడు కాబట్టి ధైర్యం చేసి అడిగింది.

"సార్, గాలికి తోట పడిపాయ, నివారణం రాయమని ఒకాయన వచ్చినాడు. పోయి చూస్తే ఒక చెట్టు కూడా పడి లేదు. నేలంతా నున్నగా దున్నేసి ఉండాది. పడింది నిజమే, నేనే సుద్దం చేసేస్తిని అంటాడు. ఏం రాయాల సార్?"

తుఫానుకో వరదకో పంట పోతే ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని మావైపు నివారణం అంటారు. "రేపు చెప్తానమ్మా" అని ఫోన్ పెట్టేశాను. ఆ రేపు ఇంకా రాలేదు.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. నా ఉద్యోగంలో రెండుసార్లు, ఒకే మనిషి తోటలో, అదే ప్రశ్నకు రెండు వేర్వేరు జవాబులు రాశాను. రెండు కాగితాల మీదా నా సంతకమే ఉంది. ఏది సరైనదో నాకిప్పటికీ పూర్తిగా తెలియదు. తెలియని సంగతిని కూడా ఎవరో ఒకరు రాసి పెట్టాలి. లేకపోతే తరువాత వచ్చేవాళ్ళు ఇదంతా తేలికైన పని అనుకుంటారు.

తెలుగులో ఎందుకంటే, దానికీ కారణం ఉంది. నేను చదివింది తమిళ బడిలో. ఇంట్లో తెలుగు మాట ఉండేది, అక్షరం లేదు. గుడియాత్తం గ్రంథాలయంలో ఒక మూల తెలుగు పుస్తకాల బీరువా ఉండేది. తాళం చెవి కూడా తుప్పు పట్టింది. అక్కడి ఉద్యోగి వసంతమ్మ కొబ్బరి నూనె పోసి ఆ తాళం తీసి ఇచ్చింది. ఇరవై ఆరేళ్ళ వయసులో చిన్నపిల్లల వాచకం పెట్టుకుని అక్షరాలు దిద్దుకున్నాను. ఆ తరువాత ఆ బీరువా మొత్తం చదివాను, రెండు వరసలు రెండోసారి కూడా. తమిళంలో రాయడానికి కూర్చుంటే నా చెయ్యి దానంతట అదే రిపోర్టు రాసేస్తుంది. తెలుగులో నేనెప్పుడూ రిపోర్టు రాయలేదు. తప్పు ఒప్పుకోవడానికి ఇదే వీలైన భాష.

కళ్ళతో చూసింది

పని ఏమిటో ముందు చెప్పాలి. గాలివాన వెళ్ళాక పైనుంచి ఉత్తర్వు వస్తుంది, దాని వెంట ఒక ఫారం వస్తుంది. గ్రామాధికారి, తోటల శాఖ మనిషి, టేపు పట్టుకోవడానికి ఊరి తలయారి కలిసి ప్రతి తోటకూ వెళ్ళాలి. పంటలో మూడో వంతుకు మించి పోయిందా లేదా అన్నది తేల్చాలి. మించితే సాయం వస్తుంది, మించకపోతే రాదు. ఫారంలో చివరి గడి పేరు "చూసినవారు". అందులో నేను సంతకం చేయాలి.

నేను ఆ నియమాల పుస్తకాన్ని వేలూరు జిల్లా గ్రంథాలయంలో కూర్చుని నోటు పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను. మా తాలూకాలో అలా చేసినవాడు నేనొక్కడినే అని గర్వంగా ఉండేది. మా రెవెన్యూ ఇన్‌స్పెక్టరు దేవసహాయం గారికి అదే నవ్వులాట.

"ఏమయ్యా మునిరత్నం, పుస్తకంలో వాన అని చదివితే గొడుగు పట్టుకునే మనిషివి నువ్వు" అనేవారు.

"పుస్తకం లేకపోతే తలా ఒక మాట రాస్తారు సార్."

"పుస్తకం ఉన్నా తలా ఒక మాటే రాస్తారు. నీ చేతిరాత బాగుంటాది, అంతే వాసి."

ఆయన వెటకారం చేస్తున్నారనుకున్నాను. సగం వెటకారమే. మిగతా సగం అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

చెంగమ్మ తోట, మొదటిసారి

గుడియాత్తం నుంచి పేర్ణాంబట్టు పోయే దారిలో ఉండేది నా గ్రామం. అక్కడ చెంగమ్మకు ఎకరం తోట. భర్త పోయాక పట్టా ఆమె పేరుకు మార్చింది నేనే. పూవన్ అరటి పెట్టింది. నేను ఆ ఊరికి వచ్చిన రెండో ఏడు, గెలలు వేసి ఇంకా పిందె మీద ఉన్నప్పుడు, ఒక సాయంత్రం గాలి కొట్టింది. అరగంటలో ఊళ్ళో అరటి తోటలన్నీ పడుకున్నాయి.

ఉత్తర్వు, ఫారం చేతికొచ్చి మేము చెంగమ్మ తోటకు వెళ్ళేసరికి పదకొండు రోజులయింది. పక్క తోటలో చెట్లు పడినవి పడినట్టే ఉన్నాయి. ఆ తోటాయన కత్తి పట్టడానికి బద్ధకించాడు, అంతకు మించి కారణం లేదు. చెంగమ్మ తోట మాత్రం పెళ్ళి వాకిలిలా ఉంది. పడ్డ చెట్లు లేవు, గెలలు లేవు. మోళ్ళ పక్కన పిలకలు నిటారుగా నిలబడి ఉన్నాయి. ప్రతి మోడు చుట్టూ మట్టి కొత్తగా కప్పి ఉంది.

"చెట్లేవమ్మా?" అన్నాను.

"మోసేసినా నాయనా. పడిన మర్నాడే."

"గెలలు?"

"పూడ్చినా."

నాకు అర్థం కాలేదు. తలయారి గోవిందు నా చెవి దగ్గరకు వచ్చి చెప్పాడు. ఆ నాలుగైదు ఊళ్ళలో కొన్ని ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. గెల వేసిన అరటి పడిపోతే అది కడుపుతో పోయిన ఆడమనిషితో సమానం. తోటలో కుళ్ళనివ్వకూడదు, పశువులకు వేయకూడదు, అమ్మకూడదు. బోదె నరికి గట్టు దాటించాలి. పిందె గెలకు పసుపునీళ్ళు చల్లి ఆ మోడు పక్కనే పూడ్చాలి. అప్పుడే పిలక బతుకుతుందని నమ్మకం.

నేను నోటు పుస్తకం తీశాను. కళ్ళతో చూసిన నష్టమే రాయాలని అందులో ఉంది. నరికిన మోడు ఏమీ చెప్పదు. గెల కోసి అమ్ముకున్నాక కూడా చెట్టును అలాగే నరుకుతారు. తోటల శాఖ మనిషి నా ముఖం చూశాడు. నేను ఫారం చూశాను.

అప్పుడొక తెలివితక్కువ మాట కూడా అన్నాను. పడిన చెట్ల గురించి ఆమె ఏదో చెప్పబోతుంటే, "అరటి చెట్టు కాదమ్మా, శాస్త్రం ప్రకారం అది పెద్ద మొక్క, అంతే" అన్నాను. ఆ వారమే ఒక పుస్తకంలో చదివాను.

చెంగమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నిలబడినప్పుడు ఏమో తెలీదప్పా. మీద పడినప్పుడు చెట్టే" అంది.

గోవిందు నవ్వు ఆపుకోవడానికి టేపు చుట్టడం మొదలుపెట్టాడు. నేను గడిలో రాశాను: నష్టం లేదు. చూసినవారు: నా సంతకం.

పక్క తోటాయనకు నివారణం వచ్చింది. చెంగమ్మకు రాలేదు. మళ్ళీ గుంజలకూ ఎరువుకూ చేతిలో ఏమీ లేక, తోటను గుత్తకు ఇచ్చేసి ఆమె పేర్ణాంబట్టులో బూట్ల పైతోలు కుట్టే పనికి కుదిరింది. ఒకరోజు బస్సులో నా ముందు సీట్లో కూర్చుని ఉంది. టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని వెనక్కి తిరిగింది. బట్టల నుంచి తోలు వాసన వచ్చింది.

"ఏం మణేగారప్పా, బాగుండావా?" అంది. మణేగారు అంటే ఊరి అధికారికి పాతకాలపు పేరు.

"బాగున్నానమ్మా. నువ్వు?"

"నన్నూ రాసుకో, నష్టం లేదు అని."

బస్సులో నలుగురు నవ్వారు. కండక్టరు కూడా నవ్వాడు. నేను కిటికీలోంచి బయటకు చూశాను. నేను రాసింది అబద్ధం కాదు కదా అని ఆ రోజంతా నాతో నేను వాదించుకున్నాను. వాదనలో నేనే గెలిచాను.

కత్తి ముట్టవద్దని నేను వేయించిన దండోరా

నాలుగేళ్ళు తోలు కుట్టి చెంగమ్మ తోట విడిపించుకుంది. మళ్ళీ పూవన్ అరటే పెట్టింది. ఆ పైన మూడో ఏడు మళ్ళీ గాలి వచ్చింది.

ఈసారి నేను సిద్ధంగా ఉన్నాననుకున్నాను. మర్నాడు ఉదయమే గోవిందు చేత ఊరంతా చాటింపు వేయించాను: "పడిన చెట్టును ఎవరూ ముట్టద్దండో! కత్తి పెట్టద్దండో! ఆఫీసరు వచ్చి చూసేదాకా యాడున్నది ఆడనే ఉండాలండో!" చెంగమ్మకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని నా ఆరాటం. చెంగమ్మ ఇంటికైతే నేనే వెళ్ళి చెప్పాను.

"గెల పడిన చెట్టును అట్లనే వదిలేయమంటావా?"

"వదిలేయమ్మా. మేము వచ్చి చూస్తాం."

"ఎప్పుడొస్తారు?"

"రెండు మూడు రోజుల్లో."

అది నా నోటి నుంచి వచ్చిన మాట. దానికి ఆధారం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ మధ్యాహ్నమే కౌండిన్య నది పొంగి లోతట్టు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. నన్ను బడిలో పెట్టిన శిబిరంలో వేశారు. అన్నం పొట్లాలు పంచాను, దుప్పట్లకు సంతకాలు తీసుకున్నాను. ఫారాలు ఆలస్యమయ్యాయి. తోటల శాఖ మనిషిని కొన్నాళ్ళు వేరే తాలూకా పనికి పంపారు. మేము తోటల్లో అడుగుపెట్టేసరికి ఇరవై మూడు రోజులయింది.

ఊరు ఊరంతా నా మాట విన్నది. ఏ తోటలోకి వెళ్ళినా ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. బోదెలు కుళ్ళి నల్లటి నీరు కారుతోంది. వాటి నిండా ముక్కుపురుగు. పడిన బోదెను వెంటనే తీసేయకపోతే ఆ పురుగు దుంపలోకి దిగుతుందని నేను చదివే ఉన్నాను. వేలూరు గ్రంథాలయంలోనే, నియమాల పుస్తకం ఉన్న అరకు రెండు అరల కిందే ఆ పుస్తకం ఉండేది. రెండూ నా తలలోనే ఉన్నాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు.

అందరికీ నివారణం రాశాను, అందరికీ వచ్చింది. మరుసటి ఏడు ఆ తోటల్లో సగం పిలకలు దుంప దగ్గర విరిగి పడిపోయాయి. దానికి ఫారం లేదు.

గుంజలకు కట్టినవి

ఆ ఊళ్ళో నా మాట విననిది చెంగమ్మ ఒక్కతే. దూరం నుంచి చూస్తే తోట మళ్ళీ శుభ్రంగా ఉంది. పడ్డ చెట్టు ఒక్కటీ లేదు. దగ్గరికి వెళ్ళాక ఆగిపోయాను.

గెల వేసిన చెట్టుకు ఊతంగా పెట్టే సవుకు కట్టె గుంజలు ఉంటాయి కదా. చెట్లు పోయినా గుంజలు ఉన్నాయి. ఒక్కో మోడు పక్కన ఒక్కో గుంజ నాటి ఉంది. ఒక్కో గుంజ తలకు అరటి నారతో ఒక్కో పిందె చీపు, గెలలోంచి కోసిన ఒక్క వరస కాయలు, కట్టి ఉంది. వేలెడంత కాయలు నల్లగా ఎండి ముడుచుకుపోయి ఉన్నాయి. తోటంతా ఎవరో చేతులెత్తి నిలబడ్డట్టు అనిపించింది.

"ఇదేమమ్మా?"

"గెలంతా పూడ్చినా. గెలకొక చీపు మాత్రం బయట పెట్టినా, మీ బుక్కు కోసరం." గుంజల వైపు చూసింది. "కడుపులో బిడ్డను తీసి గుంజకు కట్టినట్లు ఉండాదప్పా నాకు. మా అత్త ఉండి ఉంటే నన్ను గడప తొక్కనిచ్చేది కాదు. లెక్క పెట్టుకో, బిరీన లెక్క పెట్టు. నువ్వు పోయినాక వీటిని కూడా పూడ్చాల."

లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండు. గోవిందు మళ్ళీ లెక్కపెట్టాడు. అంతే వచ్చింది. తోటల శాఖ మనిషి సంతకం చేయనన్నాడు. పడిన చెట్టు పక్కన రైతును నిలబెట్టి తీసిన ఫోటో కావాలన్నాడు.

దేవసహాయం గారు అప్పటికి మళ్ళీ మా తాలూకాకే పై అధికారిగా వచ్చి ఉన్నారు. కాగితం ఆయన ముందు పెట్టాను.

"పడిన చెట్లు ఎన్ని చూసినావు?"

"ఒకటీ చూడలేదు సార్."

"మరి ఈ మూడు వందల పన్నెండు యాడనుంచి వచ్చింది?"

"చీపులు లెక్కపెట్టినాను సార్."

"ఎవరైనా అంగట్లో కొని కట్టొచ్చు కదయ్యా."

తలుపు దగ్గర నిలబడ్డ గోవిందు అందుకున్నాడు. "పిందె చీపులు ఏ అంగట్లో అమ్ముతారు సామీ? ఉంటే చెప్పండి, మా ఇంటిదానికి కూరకు కావాల."

దేవసహాయం గారు నవ్వి కలం తీశారు. సంతకం చేసే ముందు నా వైపు చూశారు. "పాత ఫైల్లో ఇదే తోటకు నువ్వు రాసింది ఇంకోటి ఉండాది. ఆనాడు చూసింది రాసినావు. ఈనాడు చూడనిది రాసినావు. రెండూ పక్కపక్కన పెట్టి ఎవడన్నా అడిగితే ఏం చెప్తావు?"

"తెలియదు సార్."

"నాకూ తెలీదు" అని సంతకం పెట్టారు. నా ఉద్యోగంలో ఒక అధికారి నోటి నుంచి నేను విన్న అత్యంత నిజాయితీ గల మాట అదే.

చెంగమ్మకు నివారణం వచ్చింది. మరుసటి ఏడు ఊళ్ళో పురుగు పట్టని తోట కూడా ఆమెదే. నా చాటింపు విన్నవాళ్ళు నష్టపోయారు. విననిది బాగుపడింది. దీని నుంచి ఏం నేర్చుకోవాలో చెప్పమంటే చెప్పలేను. నా మాట వినవద్దని నేనే చాటింపు వేయించాలా?

శరణ్యకు, ఆమెలాంటి వాళ్ళకు

ఉత్తర్వు రాకముందే, గాలి తగ్గిన మర్నాడే తోటలకు వెళ్ళండి అని రాద్దామనుకున్నాను. కానీ రెండోసారి ఆ మర్నాడు మధ్యాహ్నానికే నేను శిబిరంలో అన్నం పొట్లాలు పంచుతున్నాను. వదిలి వెళ్ళమని ఎవరికి చెప్పగలను?

ఊరి ఆచారాలు తెలుసుకోండి అని రాద్దామనుకున్నాను. అదీ పూర్తిగా నిజం కాదు. గోవిందు నాకు మొదటిసారే చెప్పాడు. నాకు తెలిసే రాశాను.

రైతును నమ్మండి అందామంటే, నన్ను మోసం చేసినవాళ్ళూ ఉన్నారు. గెలలు అమ్ముకుని, మోళ్ళు చూపించి, కన్నీళ్ళు పెట్టుకున్న ఒకాయన మాట నమ్మి నేను మాటపడ్డాను. శరణ్య చూసిన తోట ఆయన కూడా అబద్ధం చెబుతూ ఉండవచ్చు.

పుస్తకాలు చదవండి అని మాత్రం గట్టిగా చెప్తాను. చదవడం వల్ల నేను చెడిపోలేదు. చదివింది చాలనుకోవడం వల్ల చెడిపోయాను.

కృతజ్ఞతలు

తాళానికి నూనె పోసిన వసంతమ్మకు, ఆమె లేకపోతే ఈ అక్షరాలు నాకు లేవు. టేపు ఒక కొస పట్టుకుని, రెండో కొసన నేను చేసిన తప్పులన్నీ చూసి, ఊళ్ళో ఒక్కమాట బయటపెట్టని గోవిందుకు. "నాకూ తెలీదు" అన్న దేవసహాయం గారికి. ఫోన్ చేసి నా నిద్ర చెడగొట్టిన శరణ్యకు.

చివరగా చెంగమ్మకు. ఆమెకు తెలుగు చదవడం రాదు. అందుకని పోయిన ఆదివారం వాళ్ళ ఇంటికి వెళ్ళి ఇదంతా చదివి వినిపించాను. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, చివరిదాకా విన్నది. బస్సులో తన మాట దగ్గర ముసిముసిగా నవ్వింది. అయిపోయాక అడిగింది:

"రెండో గాలికి మూడు వందల పన్నెండు అని రాసినావే. మొదటి గాలికి ఎన్ని?"

"నాకు తెలియదు కదమ్మా. నేను చూసేసరికి ఏమీ లేవు."

"నాలుగు వందల అరవై. నేనే పెంచినా, నేనే మోసినా, నేనే పూడ్చినా. నాకు తెలీదా?"

"మరి ఆ రోజు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు కదప్పా. చూసినావు, రాసుకున్నావు, పోయినావు."

నిజమే. చెట్లేవని అడిగాను, గెలలేవని అడిగాను. ఎన్ని అని అడగలేదు. అడిగి ఉంటే ఆ అంకె ఏ గడిలో రాసేవాడినో నాకు తెలియదు. అబద్ధమాడేవాడు కూడా ఏదో ఒక అంకె చెబుతాడని కూడా తెలుసు. అయినా అమ్మా శరణ్యా, నీ ఫోనుకు ఇరవై రోజులు ఆలస్యంగా నేనివ్వగలిగిన జవాబు ఇంతే. మళ్ళీ ఆ తోటకు వెళ్ళు. ఎన్ని చెట్లని అడుగు. ఒక్కో చెట్టు యాడ ఉండేదో నడిచి చూపించమను. నువ్వూ వెంట నడువు. ఆ తరువాత ఏం రాస్తావో నీ ఇష్టం.

చెంగమ్మ తోటకు నేను రాసిన మొదటి కాగితం ఏ కట్టలో ఉందో, ఉందో లేదో కూడా తెలియదు. దాన్ని ఇక్కడ దిద్దుతున్నాను.

పంట: పూవన్ అరటి. గెలలతో ఉండగా గాలికి పడినవి: నాలుగు వందల అరవై. చూసినవారు: చెంగమ్మ.